మా పాప చెవులు, మావయ్య చెయ్యి

నేను గొంతు చించుకున్నా పలకని నా కూతురు, వాళ్ల తాత ఒక్క వేలు కదిపితే చాలు, బొమ్మలన్నీ ఎక్కడివక్కడ పడేసి పరుగెత్తేది. రోజూ ఇదే తంతు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. మోసింది నేను, కన్నది నేను, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది నేను. నాలుగేళ్లు నిండేసరికి పిల్ల మాత్రం తాత పార్టీలో చేరిపోయింది.

తాత అంటే మా ఆయన తండ్రి, మా మావయ్య. శ్రీకాకుళం తీరంలోని ఒక పల్లె నుంచి కుర్రతనంలోనే బెంగాల్‌కి, ఇక్కడి ఓడరేవైన ఖిదిర్‌పూర్ డాక్‌లో పనికి వచ్చారు. ఇక్కడే కాపురం పెట్టి, ఇక్కడే రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మాతోనే ఉంటున్నారు. డాక్‌లో ఆయన పని చేత్తో సైగలు చెయ్యడం. ఓడ కడుపులోకి సరుకు దించుతుంటే పైన క్రేన్‌లో కూర్చున్నవాడికి కింద ఏముందో కనబడదు. ఓడ అంచున నిలబడ్డ మనిషి చెయ్యి ఎలా చెబితే అలా వాడు దించాలి, ఎత్తాలి, ఆపాలి. ఆ మోతలో నోటిమాట ఎవరికీ వినబడదు. వేలు పైకెత్తి గిర్రున తిప్పితే ఎత్తమని. అరచెయ్యి నేలవైపు పెట్టి ఆడిస్తే మెల్లగా దించమని. పిడికిలి బిగిస్తే ఆగమని. ఉద్యోగమంతా ఆ మోతలోనే గడిచింది గనక మావయ్య చెవులు సగం పైగా అక్కడే ఉండిపోయాయి. చెయ్యి మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

మేముండేది రెండో అంతస్తులో. ఈ ఊళ్లో చాలా ఇళ్లకున్నట్టే మా వరండాకీ ఒక తాడూ, దానికి ఒక గుడ్డ సంచీ ఉంటాయి. కూరల బండి కింద ఆగితే గ్రిల్‌లో ఉన్న చిన్న కిటికీలోంచి సంచి దించుతాం. కూరలమ్మే అతను, ఇక్కడి మాటలో కూరల దాదా, వంకాయలో పొట్లకాయలో వేస్తాడు, పైకి లాక్కుంటాం. మావయ్య ఈ సంచిని క్రేన్ చేసేశారు. ఆయన కిందికి చూడకుండా కుర్చీలో కూర్చుని తాడు పట్టుకుంటారు. పాప గ్రిల్ సందుల్లోంచి కిందికి చూస్తూ చేత్తో సైగలు చేస్తుంది. దించు, మెల్లగా, ఆగు. సంచి సరిగ్గా బండి మీద ఆగిందంటే తాతా మనవరాలూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయేవారు.

ఆ సైగల ఆట వరండాలోనే ఉండిపోతే నాకు పేచీ లేదు. ఇంట్లోకి కూడా వచ్చేసింది. భోజనానికి లేవమనాలంటే వేలు తిప్పేవారు. నీళ్ల గ్లాసు ఒలక్కుండా తెమ్మనాలంటే అరచెయ్యి ఆడించేవారు. పొద్దున్న మా ఆయన సాల్ట్‌లేక్‌లో ఆఫీసుకీ, నేను చిన్నపిల్లలకి డ్రాయింగ్ చెప్పే స్కూలుకీ వెళ్లిపోతే, పాప నర్సరీ నుంచి వచ్చాక ఆయన దగ్గరే. ఇద్దరూ ఒక్క మాట లేకుండా పూటంతా గడిపేసేవారు. నేను ఇంటికొచ్చి మధ్యలో కూర్చుంటే పిలవని పేరంటానికి వెళ్లినట్టుండేది.

ఒకరోజు దానికిష్టమైన జిలేబీ కొనుక్కుని వచ్చాను. గుమ్మంలోంచి పిలిచాను. పాప నావైపు వీపు పెట్టి బొమ్మలు పేరుస్తోంది. మళ్లీ పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. మావయ్య నన్ను చూసి, పాప కళ్లముందు చెయ్యి ఊపి, వెనక్కి చూడమని వేలితో చూపించారు. అది ముందు తాతకేసి నవ్వి, ఆ తర్వాత నావైపు తిరిగింది. ముందు నవ్వు ఆయనకి, మిగిలింది నాకు. జిలేబీ పొట్లం బల్లమీద పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. గిన్నెలు ఎంత గట్టిగా తోమానో నాకే తెలుసు, ఆ ఇంట్లో వాళ్లెవరికీ అది కూడా వినబడలేదు.

నా గొంతు పుట్టుకతోనే సన్నం. నేను సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. గూడ్స్ బండి వెళ్తుంటే మాట ఆపేసి, వెళ్లిపోయాక మళ్లీ అందుకోవడం మా పుట్టింటి పద్ధతి. బండితో పోటీపడి అరవడం మాకు తెలీదు. అందుకని పాప పలకనప్పుడల్లా తప్పు నా గొంతుదేమో అనుకునేదాన్ని. కాసేపాగి, కాదు, మావయ్యే పిల్లకి ఏదో మందు పెట్టేశారు అనుకునేదాన్ని. ఈ కుట్రలో నీక్కూడా భాగం ఉందని మా ఆయనతో దెబ్బలాడేదాన్ని. ఆయన ఫోన్ చూసుకుంటూ "ఊరుకోవే, ముసలాయనకి అదొక్కటే కాలక్షేపం" అనేవాడు.

దాని మాటలు కూడా సాగలేదు. ఈడు పిల్లలు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతుంటే, మా పాప మాటల్లో సగం అక్షరాలు మింగేసేది. తాతతో ఉండి ఉండి నోరు పెగలడం లేదని తేల్చేశాను. అక్కడ కూడా నేరం ఆయన మీదే.

నర్సరీ మిస్ ఒకరోజు నన్ను ఆపింది. "మీ పాపకి వినబడుతోందా?" అని బెంగాలీలో అడిగింది. అందరూ లేచాక చుట్టూ చూసి లేస్తుందనీ, పేరు పిలిస్తే పక్కపిల్ల మోచేత్తో పొడిస్తేగాని పలకదనీ చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఇంట్లో మా మావయ్య చిటికెన వేలు కదిపినా పరుగెత్తే పిల్ల ఇది, చెవుడేమిటి అనబోయాను. అనబోతుంటేనే తట్టింది. వేలు కదపడం చూసేది కళ్లు కదా.

చెవుల డాక్టరు ఒక పెద్దావిడ. పాప చెవి దగ్గర ఒక చిన్న యంత్రం పెట్టింది. కాగితం మీద గీత వచ్చింది. మామూలు చెవికి ఆ గీత గుట్టలా లేస్తుందట. మా పాపకి రెండు చెవుల గీతలూ చదునుగా పడుకున్నాయి. "కర్ణభేరి వెనక నీరు చేరింది, తల్లీ. పల్చని నీరు కాదు, జిగురు. చాలా నెలల నుంచి ఉండి ఉంటుంది. పూర్తిగా వినబడక పోదు. నీళ్లలో మునిగి వింటే ఎలా ఉంటుందో అలా వినబడుతుంది. మీలాంటి మెత్తని గొంతులే పిల్లకి ముందు వినబడకుండా పోతాయి" అంది.

ఇంకో తల్లయితే ఏడ్చేదేమో. నాకు మాత్రం ముందు సంతోషం వేసింది. ఉన్నమాట రాస్తున్నాను. నా కూతురికి నేనంటే పడకపోవడం కాదు, నా మాట దాని దాకా వెళ్లడం లేదు, అంతే. బస్సులో దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇల్లు చేరేదాకా ముద్దులు పెడుతూనే ఉన్నాను. పక్కసీటు ఆవిడ పాప పుట్టినరోజా అని అడిగింది.

ఆ నీరు తనంతట తను ఆరిపోవచ్చు గనక మూడు నెలలు చూద్దామంది డాక్టరు. ఆరకపోతే కర్ణభేరికి సన్నని గాటు పెట్టి, జిగురు లాగేసి, సగ్గుబియ్యం గింజ కన్నా చిన్న గొట్టం అందులో బిగిస్తుందట. దాని గుండా గాలి ఆడితే నీరు మళ్లీ చేరదట. కొన్ని నెలలకి గొట్టం దానంతట అదే ఊడి వచ్చేస్తుంది. పిల్లకి మత్తు ఇవ్వాలి. ఈలోగా ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, దగ్గర నుంచి మాట్లాడమంది.

ఇంటికొచ్చి చెబితే మావయ్య ససేమిరా అన్నారు.

"సెవిలోపల కన్నం పెడతారేటి? సెవి తమ్మికి కుట్టించండి, నాను కాదంతానేటి? లోపల సెయ్యెడతారేటి సిన్నగుంటకి?" అని మా ఆయన మీద అరిచారు. మావయ్య మాట్లాడటమంటేనే అరవడం. వాళ్ల యాసలో గుంట అంటే ఆడపిల్ల. "నాకూ ఇనబడదు. నాను బతకలేదేటి? పిల్లల్ని పెంచలేదేటి?"

మా ఆయన ఎప్పటిలాగే గోడమీద పిల్లి. "నాన్న చెప్పేదీ నిజమే, మత్తు మందు కదా. నువ్వు చెప్పేదీ నిజమే" అన్నాడు. ఆయనకి రెండు నిజాలున్నా ఇబ్బంది ఉండదు.

నేను మావయ్యకి ఎదురుగానే నిలబడి, నా సన్నని గొంతుతో, "మీకేం, మీ రాజ్యం పోతుందని మీ బాధ" అన్నాను. ఆ ఇంట్లో నాకున్న ఒకే ఒక్క సౌకర్యం అది. ఆయన్ని ఏమైనా అనుకోవచ్చు, ఆయన ముందే అనుకోవచ్చు. ఆ మూడు నెలల్లో చాలా అన్నాను. స్వార్థమన్నాను. పిల్లని తన చెవిటితనానికి తోడు తెచ్చుకున్నారన్నాను. ఆయన మామూలుగా మంచినీళ్లు అడిగి తాగేవారు.

డాక్టరు చెప్పినట్టే పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడేదాన్ని. కొంచెం తెలిసేది దానికి. కానీ ఎంతసేపని మోకాళ్ల మీద ఉంటాను? వంటింట్లోంచి చెప్పాలనుకున్నది వంటింట్లోనే ఉండిపోయేది. సైగలు నేర్చుకోవచ్చు కదా అన్నాడు మా ఆయన. నేర్చుకోనన్నాను. అవి మావయ్యవి. నేను నోరున్న తల్లిని, నా నోటితోనే నా కూతుర్ని పిలుచుకుంటాను.

మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్తే గీతలు అలాగే చదునుగా ఉన్నాయి. "నా సలహా గొట్టాలు పెట్టించమనే. మాటలు నేర్చుకునే వయసు, ఊరికే పోతోంది. ప్రాణం మీదికి వచ్చే విషయం కాదు గనక నిర్ణయం మీది" అంది డాక్టరు. నిర్ణయం మాది అంటే మా ఇంట్లో దాని అర్థం, నేను అవునంటాను, మావయ్య కాదంటారు, మా ఆయన ఆఫీసుకి వెళ్లిపోతాడు.

అలా నానుతుండగానే వైశాఖపు గాలివాన వచ్చింది. ఇక్కడ కాలబైశాఖి అంటారు. సాయంకాలం ఇంకా కాలేదు, ఆకాశం నల్లబడి ఇల్లంతా చీకటయింది. కరెంటు పోయింది. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. మావయ్య ముందుగదిలో, నేను వంటింట్లో. పాప మధ్యాహ్నం పడుకుని లోపలి గదిలో ఇంకా లేవలేదు. కిటికీలు మూసేలోపే లోపలి నుంచి కేక వినబడింది. లేచి చూస్తే దానికి ఏమీ కనబడలేదు.

"వస్తున్నానమ్మా, అక్కడే ఉండు" అని నేను అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. గాలిలో, వానలో అది ఎవరికి వినబడుతుంది? కేకలు ఆగలేదు. ఫోన్ ఎక్కడ పెట్టానో తెలీదు. గోడ తడుముకుంటూ వెళ్తుంటే మెరుపు మెరిసింది. లోపలి గది గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నారు. చెయ్యి ముందుకి చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి, ఆడిస్తున్నారు. మెల్లగా, మెల్లగా అని. మళ్లీ చీకటి. ఇంకో మెరుపులో చూస్తే ఆయన చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది. పాప మంచం మూల ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

నేను ఆయన్ని దాటి వెళ్లి పిల్లని పట్టుకున్నాను. అది నన్ను రక్కింది. చేతులతో, కాళ్లతో తన్నింది. పట్టుకున్నది ఎవరో దానికి తెలీదు. "నేనే, అమ్మని, నేనే" అంటూనే ఉన్నాను. చివరికి చెవికి నోరు ఆనించి అంటేగాని నా కూతురికి నేనెవరో తెలియలేదు. అప్పుడు మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు.

కరెంటు వచ్చేసరికి మావయ్య ఆ గుమ్మం దగ్గరే నేలమీద కూర్చుని ఉన్నారు. తన చెయ్యి కేసి చూసుకుంటున్నారు.

"సేయించీయండమ్మా" అన్నారు. "సీకట్లో నా సెయ్యి ఏటికి పనికొస్తాది? నీ గొంతే కావాల."

ఆపరేషన్ రోజు పొద్దున్నే పరగడుపున ఉన్న పిల్లని ఎత్తుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్లాం. మత్తు ఇచ్చే గది తలుపు దాకా నన్ను రానిచ్చారు. తలుపు మూసుకున్నాక వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన కాగితాల పని మీద కౌంటరు దగ్గరికి వెళ్లాడు. బెంచీ మీద నేనూ మావయ్యే మిగిలాం. నేను మామూలుగానే పెదాలు కదుపుతూ దేవుళ్లకి మొక్కుకుంటున్నాను.

"ఏటవదు, బయపడకు" అన్నారాయన. ఆశ్చర్యపోయి చూశాను. ఆ రోజు ఆయన కూడా గొంతు తగ్గించారు, లేదా తగ్గించాననుకున్నారు. కారిడార్ అంతా వినబడింది.

"ఇనబడకపోతే ఏటి, పెదాలు సూస్తే తెలీదేటమ్మా? డాక్‌లో అలగే కదా బతికేను. ఇన్నాళ్లూ నువ్వు నన్ను ఏటేటి అన్నావో అన్నీ తెలుసు."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. స్వార్థమనీ, రాజ్యమనీ అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవతల బెంచీ మీద వాళ్లు మాకేసి చూస్తున్నారు.

"నువ్వన్నదీ నిజమేలే" అన్నారు. "నీ గొంతు ఇనబడితే గుంట మరి నా సేతికేసి సూడదు కదా. ఆ బయమే. నాకు ఇంకేటున్నాది?"

నేను ఏదో ఒక మంచి మాట చెప్పి ఉండాల్సింది. చూస్తుంది లెండి అనైనా అనాల్సింది. అనలేదు. చూడకూడదనే కదా నేను అక్కడ కూర్చున్నది. పెదాలు బిగించుకుని తలుపుకేసి చూస్తూ కూర్చున్నాను. ఇకమీదట ఆయన ముందు మనసులో తప్ప ఏమీ అనుకోకూడదని మాత్రం అనుకున్నాను.

ఎక్కువసేపు పట్టలేదు. పాపని తెచ్చి ఒళ్లో పెట్టారు. కాసేపు ఏడ్చి, పాలు తాగి నిద్రపోయింది. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. మర్నాడు పొద్దున్న లేచి ఇల్లంతా కొత్తగా తిరగడం మొదలుపెట్టింది. తలెత్తి ఫ్యాన్‌కేసి చూసింది. కుక్కర్ విజిల్ వేస్తే ఎగిరిపడి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని గాజులు ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ ఊపింది. అది పుట్టినప్పటి నుంచీ ఆ గాజులు నా చేతికే ఉన్నాయి.

వంటింట్లో పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండా, నా మామూలు గొంతుతో దాని పేరు పిలిచాను. ముందుగదిలో బొమ్మల చప్పుడు ఆగింది. "ఏటమ్మా?" అంది. అచ్చం తాత యాసే. అయినా పలికింది నాకు. స్టవ్ కట్టేసి అక్కడే చతికిలబడ్డాను.

ఆ తర్వాత కొన్నాళ్లు నా జోరుకి పట్టపగ్గాల్లేవు. అవసరం ఉన్నా లేకపోయినా పిలిచేదాన్ని. పక్క గదిలోంచి, వరండాలోంచి, స్నానాలగదిలోంచి. పిలిచినప్పుడల్లా వచ్చేది. అదే సమయంలో మావయ్య మాట దానికి భరించరానిదైపోయింది. ఆయన నోరు తెరిస్తే చాలు, రెండు చెవులూ మూసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి కొంగులో ముఖం దాచుకునేది. ఆయన గొంతు తగ్గించలేరు. తన గొంతు తనకి వినబడితే కదా తగ్గించడానికి! రెండు మూడు సార్లు అలా అయ్యాక ఆయన పాప ఉన్నచోట మాట్లాడటమే మానేశారు. మంచినీళ్లు కూడా లేచి ముంచుకునేవారు. జాలి వేసింది. జాలి కంటే సంతోషమే ఎక్కువ వేసింది. గెలిచాననే అనుకున్నాను. రాత్రి అన్నం తినిపిస్తూ "అమ్మ కావాలా, తాత కావాలా?" అని అడిగాను కూడా. ఏ తల్లీ అడక్కూడని ప్రశ్న అది. పాప ముద్ద నమిలి, ఇంకో ముద్దకి నోరు తెరిచింది. నేనూ రెట్టించలేదు.

ఒక ఆదివారం పొద్దున్న కూరల బండి వచ్చింది. నేను కంచంలో దోశ వేసుకుని వరండాలోకి వెళ్లాను. మావయ్య కుర్చీలో కూర్చుని, కిందికి చూడకుండా, తాడు పట్టుకుని ఉన్నారు. పాప నావైపు వీపు పెట్టి, గ్రిల్‌కి ముఖం ఆనించి కిందికి చూస్తోంది. దాని కుడిచెయ్యి పక్కకి చాపి ఉంది. అరచెయ్యి నేలవైపు. మెల్లగా ఆడుతోంది. మావయ్య కళ్లు ఆ చెయ్యి మీదే ఉన్నాయి. తాడు జానెడు జానెడు జారుతోంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఇప్పుడు దానికి కూరల దాదా కేకలు వినబడుతున్నాయి. సందులో సైకిల్ బెల్లు వినబడుతోంది. ఎదురు మేడ మీద పావురాల చప్పుడూ వినబడుతోంది. నోటితో "ఆపు తాతా" అని అరిస్తే ఆయనకి ఎంతో కొంత వినబడుతుంది. అయినా దాని నోరు మూసే ఉంది. ఇన్నాళ్లూ నా మాట వినబడక ఆ చేతికేసి వెళ్లిందనుకున్నాను. ఆ లెక్కతోనే గొట్టాలు పెట్టించాను.

"దోశ చల్లారిపోతోందమ్మా, రా" అన్నాను, నా మామూలు గొంతుతో.

వినబడింది. నాకు తెలుసు వినబడిందని, నా మాటకి దాని భుజం కొంచెం కదిలింది. తిరగలేదు. కుడిచెయ్యి తాత కోసం అలాగే ఆడుతోంది. ఎడమచెయ్యి వెనక్కి చాపి, నావైపు, పిడికిలి బిగించింది.

నాకు ఎవరూ నేర్పకపోయినా ఆ సైగ తెలుసు. కంచం పట్టుకుని ఆగాను.